వైట్స్ ఫెర్రీ మళ్లీ నడవాలంటే: పొటోమాక్ రేవు భూమి వివాదంపై చర్చ

లీస్‌బర్గ్ నివాసి
5 ఫిబ్రవరి 2022

సభ్యులందరికీ నమస్కారం. వర్జీనియాలోని లీస్‌బర్గ్‌కూ మేరీలాండ్‌లోని పూల్స్‌విల్‌కూ మధ్య పొటోమాక్ నదిని దాటించిన వైట్స్ ఫెర్రీ 2020 డిసెంబరు 28న ఆగిపోయింది. ఏడాది దాటినా తిరిగి మొదలు కాలేదు. పడవ బాగానే ఉంది, నడపడానికి కొత్త యజమాని సిద్ధంగా ఉన్నారు, ఎక్కడానికి జనమూ ఉన్నారు. వర్జీనియా ఒడ్డున పడవ ఆగే కాస్త నేల ఎవరిదన్న తగవు ఒక్కటే తేలలేదు.

ఆష్‌బర్న్, బ్రాంబుల్‌టన్, లీస్‌బర్గ్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామందికి మేరీలాండ్‌లోని గేథర్స్‌బర్గ్, జర్మన్‌టౌన్, రాక్‌విల్ వైపు ఉద్యోగాలున్నాయి. మ్యాపు చూస్తే సంగతి అర్థమవుతుంది. ఎగువన పాయింట్ ఆఫ్ రాక్స్ వంతెన దాటాక, దిగువన వాషింగ్టన్ చుట్టూ తిరిగే హైవే అయిన బెల్ట్‌వే మీది అమెరికన్ లీజియన్ వంతెన వచ్చేదాకా పొటోమాక్‌పై మరో వంతెన లేదు. ఆ రెండింటి నడుమ కార్లను దాటించే ఏకైక మార్గం ఈ ఫెర్రీయే. దాదాపు వెయ్యి అడుగుల నీటిని దాటడానికి కొద్ది నిమిషాలు పట్టేది. ఇప్పుడు అదే గమ్యానికి రూట్ 15 రద్దీలోనో, బెల్ట్‌వే రద్దీలోనో పడి చుట్టూ తిరిగి వెళ్లాలి. నదికి రెండు వైపులా ఓటు ఉన్న మనం ఈ విషయంలో ఏమి కోరాలో, ఎవరిని కోరాలో ఇక్కడ తేల్చుకుంటే బాగుంటుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

దస్తావేజు
5 ఫిబ్రవరి 2022

మంచి పని చేశారు. ఏమి కోరాలో తేల్చే ముందు తగవు పుట్టుపూర్వోత్తరాలు అందరికీ తెలియాలి. పత్రికలలో వచ్చిన శీర్షికలు చదివిన వారికి పొలం యజమానులు హఠాత్తుగా దారి మూసేశారన్న అభిప్రాయం కలుగుతోంది. జరిగింది అది కాదు.

ఈ రేవులో పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచే పడవలు నడిచాయి. తరువాత కొంతకాలం దీనిని కాన్రాడ్స్ ఫెర్రీ అనేవారు. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక, విడిపోవాలని పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ సైన్యంలో అధికారిగా పనిచేసిన ఎలైజా వైట్ దీనిని కొని అభివృద్ధి చేయడంతో ఆయన పేరు స్థిరపడింది. ఒకప్పుడు పొటోమాక్ పొడవునా ఇటువంటి ఫెర్రీలు ఎన్నో ఉండేవి. వంతెనలు వచ్చిన కొద్దీ ఒక్కొక్కటీ పోయి, చివరికి ఉక్కు తాడు ఆధారంగా నడిచేది ఇదొక్కటే మిగిలింది.

వర్జీనియా వైపు పడవ ఆగే చోటు రాక్‌లాండ్ ఫార్మ్ అనే పొలంలోది. అక్కడి భవనం 1822లో కట్టినది, ఆ భూమి తరతరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉంది. 1952లో ఫెర్రీ సంస్థకూ పొలం యజమానులకూ ఒప్పందం కుదిరింది. 2004లో ఫెర్రీ వారు ఒడ్డున ఒక పెద్ద గోడ కట్టారు. అది తమ అనుమతి లేకుండా, ఒప్పందం హద్దు దాటి తమ నేలలో కట్టినదని యజమానులు అభ్యంతరం చెప్పి ఒప్పందాన్ని రద్దు చేశారు. 2009లో వ్యవహారం కోర్టుకెక్కింది. పదకొండేళ్ల తరువాత, 2020 నవంబరులో, లీస్‌బర్గ్ ఉన్న లౌడన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) సర్క్యూట్ కోర్టు పొలం యజమానుల పక్షాన తీర్పు ఇచ్చి, ఫెర్రీ సంస్థ లక్ష డాలర్లకు పైగా నష్టపరిహారం చెల్లించాలని ఆదేశించింది.

ఫెర్రీ వారి ముఖ్యవాదం ఏమిటంటే, 1871లోనే అక్కడ ప్రజా రేవు కోసం భూమిని సేకరించారు కాబట్టి ఆ చోటు ప్రజలదని. నేడు పడవ ఆగుతున్న స్థలమే ఆనాటి రేవు అని రుజువు కాలేదని, అక్కడ ప్రజా రేవు లేదని కోర్టు తేల్చింది. నూటయాభై ఏళ్ల నాటి హద్దులను ఎవరూ సరిగా నమోదు చేసి కాపాడకపోవడం వల్ల వచ్చిన నష్టం ఇది.

సఖినేటిపల్లి
6 ఫిబ్రవరి 2022

దస్తావేజు గారూ, వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. మాది గోదావరి ఒడ్డు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ట పాయ మీద పంటు ఎక్కి పెరిగిన నాకు ఈ తీర్పు చదివినప్పుడు మొదట ఆశ్చర్యం కలిగింది. రేవు ఒక రైతు సొంత ఆస్తి కావడం, ఆయన కాదంటే రెండు రాష్ట్రాల మధ్య దారి మూసుకుపోవడం మా వైపు ఊహకు అందని విషయం.

అయితే అది మా వాళ్ల మంచితనం వల్ల వచ్చినది కాదు, చట్టం వల్ల వచ్చినది. 1890 నాటి మద్రాసు కాలువలు, పబ్లిక్ ఫెర్రీల చట్టం ప్రకారం ఒక రేవును ప్రభుత్వమే పబ్లిక్ ఫెర్రీగా ప్రకటించగలదు. ఆ తరువాత పడవ నడిపే హక్కును మాత్రమే వేలం వేస్తారు. పాటదారు మారతాడు, పంటు మారుతుంది, రేవు మాత్రం ఊరిదిగానే ఉంటుంది. కృష్ణ మీద పల్నాడు, నల్లగొండ వైపుల మధ్య నడిచిన బల్లకట్లదీ ఇంచుమించు ఇదే పద్ధతి. పాటదారులు ఎక్కువ వసూలు చేస్తున్నారని, పరిమితికి మించి ఎక్కిస్తున్నారని తగవులు మాకూ కొల్లలుగా ఉన్నాయి, వాటిని తక్కువ చేసి చెప్పడం లేదు. కానీ నడిపేవాడిని మార్చగలిగిన చోట తగవు తీరుతుంది. రేవే ఒకరి చేతిలో ఉన్నప్పుడు తీరదు. వైట్స్ ఫెర్రీలో పడవా ప్రైవేటుదే, రెండు వైపులా నేలా ప్రైవేటుదే. ప్రజలకు చెందినది రేవు దాకా వెళ్లే రోడ్డు మాత్రమే.

మాగాణి
6 ఫిబ్రవరి 2022

పొలం యజమానుల తరఫున కూడా ఒక మాట ఇక్కడ నమోదు కావాలి. మన దేశంలో భూసేకరణ పేరుతో నోటీసు అందుకున్న కుటుంబంలో పుట్టినవాడిని నేను. ప్రజా ప్రయోజనం అన్న మాట వినగానే నాకు భయం వేస్తుంది. పదిమందికి సౌకర్యం కాబట్టి నీ నేల వదులుకో అని చెప్పడం, ఆ నేల లేనివాడికి చాలా తేలిక.

ఈ యజమానులు ఏమి కోరారో చూడండి. ఒప్పందం హద్దు దాటారని చెప్పారు, ఓపికగా కోర్టులో పోరాడారు, గెలిచారు. తీర్పు తరువాత కూడా ఫెర్రీ ఎప్పటికీ నడవకూడదని వారు అనలేదు. రేవును వాడుకునే ఒక్కో వాహనానికి కొంత రుసుము ఇమ్మన్నారు. రోజుకు 600 నుంచి 800 వాహనాలు దాటే రోజులలో, ఒక్కో కారుకు ఒక వైపు 5 డాలర్లు వసూలైన వ్యాపారంలో, సగం రేవు ఇచ్చినవారు వాటా అడగడం అన్యాయం ఎలా అవుతుంది? 2021 ఫిబ్రవరిలో ఫెర్రీని కొన్న వ్యాపారవేత్త సదుద్దేశంతోనే కొని ఉండవచ్చు. కానీ వర్జీనియా వైపు రేవు హక్కు లేదని కోర్టు చెప్పిన తరువాతే ఆయన కొన్నారన్న సంగతి మనం మరచిపోకూడదు. ఇప్పుడు బేరం కుదరడం లేదు కాబట్టి కౌంటీ రంగంలోకి దిగి బలవంతంగా నేల తీసుకోవాలంటే, అది ఒక ప్రైవేటు వ్యక్తి నుంచి తీసి మరో ప్రైవేటు వ్యక్తికి ఇవ్వడమే.

పూల్స్‌విల్ నుంచి
6 ఫిబ్రవరి 2022

మేరీలాండ్ ఒడ్డు గురించి కూడా చెప్పాలి. లీస్‌బర్గ్ వాసులకు ఇది ప్రయాణం ఆలస్యమయ్యే సమస్య. పూల్స్‌విల్‌కు ఇది బతుకుతెరువు సమస్య. ఈ ఊరు మాంట్‌గోమరీ కౌంటీ వ్యవసాయ రిజర్వ్ నడుమ ఉంది. 1980లో కౌంటీ దాదాపు 93,000 ఎకరాలను సాగుకోసం కాపాడాలని నిర్ణయించింది కాబట్టి ఇక్కడ పెద్ద రోడ్లు, పెద్ద కాలనీలు రావు, రాకూడదని మేమే కోరుకుంటాం. అటువంటి ఊళ్లోని హోటళ్లకు, కిరాణా దుకాణాలకు, పెట్రోలు బంకులకు ఫెర్రీ దిగి వచ్చే వాళ్లే పెద్ద ఆసరా. ఫెర్రీ ఆగిన తరువాత మా రోడ్డు ముందుకు దారి లేని చివరి ఊరి రోడ్డులా మారిపోయింది.

మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. నా భార్య నదికి ఇటు, నేను అటు. ఫెర్రీ ఉందన్న ధైర్యంతోనే ఇక్కడ ఇల్లు కొన్నాం. మాగాణి గారి మాటలలో న్యాయం ఉంది, కాదనను. కానీ ఆ పొలం యజమానికీ ఈ పడవ యజమానికీ మధ్య తగవులో కక్షిదారులు కాని వందల కుటుంబాలు నష్టపోతున్నాయి. వారి మాట వినిపించే వేదిక కోర్టులో లేదు. ఆ పని కౌంటీలే చేయాలి.

నది మధ్యలో
7 ఫిబ్రవరి 2022

నాకొక సందేహం. పొటోమాక్ నది మొత్తం మేరీలాండ్‌దే అని చదివాను. మరి మేరీలాండ్ ప్రభుత్వమే ఈ సమస్యను పరిష్కరించలేదా? నీళ్లే వారివైనప్పుడు ఒడ్డు దాకా అధికారం ఉండాలి కదా?

దస్తావేజు
7 ఫిబ్రవరి 2022

మంచి సందేహం. 1632లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ ఇచ్చిన చార్టరులో మేరీలాండ్ సరిహద్దు పొటోమాక్ అవతలి ఒడ్డు దాకా ఉంది. దాని మీద రెండు రాష్ట్రాల మధ్య చాలాకాలం వాదాలు సాగాయి. 1785లో మౌంట్ వెర్నన్ ఒప్పందం కుదిరింది, 1877లో మధ్యవర్తులు వర్జీనియా వైపు నీరు తగ్గినప్పుడు కనిపించే అంచును సరిహద్దుగా తేల్చారు. 1785 ఒప్పందంలోనే, తమ ఒడ్డున రేవులు కట్టుకునే హక్కు రెండు రాష్ట్రాల పౌరులకూ ఉంటుందని రాసుకున్నారు. 2003లో వర్జీనియా నీళ్లు తోడుకోవడానికి మేరీలాండ్ అనుమతి అవసరం లేదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు కూడా ఈ పాత పత్రాలే ఆధారమయ్యాయి.

దీని ఫలితం ఏమిటంటే, పడవ తన ప్రయాణమంతా మేరీలాండ్ నీళ్లలో చేస్తుంది, చివరి అడుగు మాత్రం వర్జీనియా నేల మీద పెడుతుంది. ఆ చివరి అడుగు మీద మేరీలాండ్‌కు గానీ మాంట్‌గోమరీ కౌంటీకి గానీ ఏ అధికారమూ లేదు. నేల సేకరించగలిగేది లౌడన్ కౌంటీ లేదా వర్జీనియా రాష్ట్రం మాత్రమే. అందుకే మేరీలాండ్ వైపు ఎంత ఉత్సాహం ఉన్నా, లౌడన్ కౌంటీని పాలించే బోర్డు ఆఫ్ సూపర్‌వైజర్స్ నిర్ణయమే కీలకం.

ఇన్నేళ్లు వాడుకున్నారు కదా, వాడుకే హక్కు కాదా అని కొందరు నాకు విడిగా రాశారు. ఒకరి అనుమతితో వాడుకున్నది ఎన్నేళ్లయినా హక్కుగా మారదు. 1952 ఒప్పందం ఉండడమే, ఆ వాడకం అనుమతితో జరిగిందనడానికి సాక్ష్యం.

ఇక మాగాణి గారు లేవనెత్తిన భూసేకరణ విషయం. అమెరికా రాజ్యాంగం ఐదో సవరణ ప్రకారం ప్రజల వాడకం కోసం, న్యాయమైన పరిహారం ఇచ్చి భూమి తీసుకోవచ్చు. 2005లో కీలో కేసులో, ఆర్థికాభివృద్ధి కోసం ప్రైవేటు సంస్థలకు అప్పగించేందుకు భూమి తీసుకోవడం కూడా ప్రజల వాడకం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. దాని మీద దేశమంతటా ఆగ్రహం వ్యక్తమైంది. వర్జీనియా ఓటర్లు 2012లో తమ రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించుకున్నారు. ఆ సవరణ ప్రకారం ముఖ్య ఉద్దేశం ప్రైవేటు లాభమో, ఉద్యోగాలు పెంచడమో, పన్నుల రాబడి పెంచడమో అయితే భూమి తీసుకోకూడదు. ప్రజల వాడకం కోసమేనని రుజువు చేసే భారం కూడా తీసుకునే ప్రభుత్వం మీదే ఉంటుంది. భూమి ఖరీదుతో పాటు దాని వల్ల పోయే లాభాలకు, మిగిలిన ఆస్తికి పోయే రాకపోకల దారికి కూడా పరిహారం లెక్కించాలి.

కాబట్టి మాగాణి గారి భయానికి వర్జీనియా చట్టంలోనే రక్షణ ఉంది. పూల్స్‌విల్ గారి కోరికకు మార్గం కూడా అదే చట్టంలో ఉంది. కౌంటీ రేవును తీసుకుని ఒక వ్యాపారికి అప్పగిస్తే కోర్టులో నిలవడం కష్టం. కౌంటీయే రేవుకు యజమాని అయి, రోడ్డులాగే దానిని అందరికీ తెరిచి ఉంచితే వాదం బలంగా ఉంటుంది.

సైకిల్ దళం
8 ఫిబ్రవరి 2022

కార్ల గురించే మాట్లాడుతున్నాం కనుక ఒక విషయం చేర్చాలి. మేరీలాండ్ ఒడ్డునే చెసాపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు దారి ఉంది, మొత్తం 184.5 మైళ్లు. ఫెర్రీ ఉన్న చోటు దానిలో 35వ మైలు దాటిన తరువాత వస్తుంది. లీస్‌బర్గ్‌లో సైకిలెక్కి పడవ దాటి గట్టు దారి పట్టడం ఇక్కడి సైకిల్ వాళ్లందరికీ ఎంతో ఇష్టమైన ప్రయాణం. కారున్నవారు చుట్టూ తిరిగి వెళ్లగలరు. సైకిలు మీద, కాలినడకన వెళ్లేవారికి ప్రత్యామ్నాయమే లేదు. రూట్ 15 మీద సైకిలు తొక్కమని ఎవరికీ చెప్పలేను.

ఆష్‌బర్న్ ఇంజినీరు
8 ఫిబ్రవరి 2022

ఒక భిన్నాభిప్రాయం. ఒకసారికి సుమారు ఇరవై నాలుగు కార్లు పట్టే పడవ కోసం ఇంత శ్రమ అవసరమా? నది ఉప్పొంగితే ఆగిపోతుంది, దుంగలు కొట్టుకొస్తే ఆగిపోతుంది. లౌడన్ జనాభా ఇంత వేగంగా పెరుగుతున్నప్పుడు మనం వంతెన అడగాలి. పడవ అడగడం అంటే సమస్యను వాయిదా వేయడమే.

పూల్స్‌విల్ నుంచి
8 ఫిబ్రవరి 2022

ఇంజినీరు గారూ, ఆ వంతెన దిగేది మా వ్యవసాయ రిజర్వ్‌లోనే. అందుకే మాంట్‌గోమరీ కౌంటీ దశాబ్దాలుగా దానిని వ్యతిరేకిస్తోంది, ఇకముందూ వ్యతిరేకిస్తుంది. వంతెన వస్తే దాని వెంట హైవే వస్తుంది, హైవే వెంట కాలనీలు వస్తాయి. ఫెర్రీ గొప్పతనం దాని చిన్నతనంలోనే ఉంది. అది రోజుకు కొన్ని వందల మందికి దారి ఇస్తుంది, పొలాలను మాత్రం మింగదు. రెండు కౌంటీలూ ఒప్పుకోగలిగినది ఇదొక్కటే. వంతెన కోసం ఎదురుచూస్తే పడవా రాదు, వంతెనా రాదు.

మాగాణి
9 ఫిబ్రవరి 2022

దస్తావేజు గారి వివరణ చదివాక నా అభ్యంతరం ఎంతవరకో స్పష్టంగా చెప్పగలను. కౌంటీయే యజమాని అయితే నాకు అభ్యంతరం చాలావరకు తగ్గుతుంది, కానీ రెండు షరతులుండాలి. మొదట నిజాయతీగా బేరం జరగాలి. ఏటా రుసుము రూపంలో గానీ, ఒకేసారి ఇచ్చే మొత్తంగా గానీ యజమానులు కోరుకున్న పద్ధతిని కౌంటీ ముందు పరిశీలించాలి. రెండోది, రేవుకు కావలసినంత నేలే తీసుకోవాలి. 2004లో గోడ దగ్గర మొదలైన తగవు మళ్లీ రాకుండా, హద్దులు సర్వే చేయించి, దస్తావేజు రాయించి, నమోదు చేయాలి. 1871లో ఆ పని సరిగా జరిగి ఉంటే ఈ రోజు మనం ఈ చర్చ చేసేవాళ్లం కాదు.

సఖినేటిపల్లి
9 ఫిబ్రవరి 2022

మాగాణి గారి రెండో షరతు నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోస్తోంది. ఏరు ప్రతి వరదకూ ఒడ్డును కొంచెం కోస్తుంది, కొంచెం పూడుస్తుంది. గోదావరి మీద రేవు దిగువకో ఎగువకో జరగడం మామూలే. అందుచేత హద్దు రాసేటప్పుడు నేటి రేవుతో పాటు, ఒడ్డు జరిగితే రేవు ఎటు జరగవచ్చో, గట్టుకు రక్షణ గోడ ఎవరి ఖర్చుతో ఎక్కడ కట్టవచ్చో కూడా ముందే రాసుకోవాలి. లేకపోతే మన పిల్లలు ఇదే తగవును ఇంకో పేరుతో చూస్తారు.

కౌంటీ ఫెర్రీ నడపడం సాధ్యమా అని అడిగేవారికి వర్జీనియాలోనే జవాబు ఉంది. జేమ్స్ నది మీద జేమ్స్‌టౌన్‌కూ, స్కాట్లండ్ అనే వర్జీనియా రేవుకూ మధ్య ఫెర్రీని రాష్ట్ర రవాణా శాఖే రాత్రింబగళ్లు, రుసుము లేకుండా నడుపుతోంది. రాష్ట్రం తూర్పు వైపు మెర్రీ పాయింట్ దగ్గర ఉక్కు తాడుతో నడిచే చిన్న ఫెర్రీ కూడా ఆ శాఖదే. ఫెర్రీని రోడ్డులో భాగంగా చూడడం ఆ శాఖకు కొత్త కాదు.

లీస్‌బర్గ్ నివాసి
10 ఫిబ్రవరి 2022

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఫెర్రీ మారలేనిది కాదని ఇటీవలే ఒకసారి చూశాం. వాషింగ్టన్ మీదికి దండెత్తిన కాన్ఫెడరేట్ సేనాని జూబల్ ఎర్లీ పేరును ఈ పడవ ఎన్నో ఏళ్లు మోసింది. 2020 జూన్‌లో, జాతి వివక్షపై దేశమంతా కదిలినప్పుడు, ఆ పేరు తీసేశారు. చర్మం రంగు చూసి మనుషులను విడదీసిన చరిత్ర ఉన్న చోట మనలాంటి వలస కుటుంబాలు ఆ పడవ ఎక్కినప్పుడు ఆ పేరు చదవవలసి రావడం నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది. ఆ మార్పు తరువాత ఆరు నెలలకే పడవ ఆగిపోవడం ఇంకా బాధ కలిగించింది.

రెండు కౌంటీలు కలిసి గత ఏడాది ఈ ఫెర్రీ పునరుద్ధరణపై అధ్యయనం చేయించాయి. ఇప్పుడు కావలసింది నిర్ణయం. ఇక్కడి అభిప్రాయాలను కలిపి లౌడన్ బోర్డుకు, మాంట్‌గోమరీ కౌన్సిల్‌కు పంపడానికి లేఖ ముసాయిదా రాశాను:

"వర్జీనియా ఒడ్డున రేవుకు అవసరమైనంత భూమిని లౌడన్ కౌంటీ సొంతం చేసుకుని, ప్రజా రేవుగా శాశ్వతంగా నమోదు చేయాలని కోరుతున్నాము. ముందుగా రాక్‌లాండ్ యజమానులతో గడువు పెట్టుకుని సంప్రదింపులు జరపాలి. అవి ఫలించకపోతేనే, రాష్ట్ర రాజ్యాంగం నిర్దేశించిన పూర్తి పరిహారంతో సేకరణకు వెళ్లాలి. ఫెర్రీని ఎవరు నడిపినా ఛార్జీలు, వేళలు, భద్రతపై కౌంటీల నియంత్రణ ఉండాలి. రేవు నిర్వహణ ఖర్చులో మాంట్‌గోమరీ కౌంటీ తన వాటా భరించాలి. కాలినడకన, సైకిలు మీద వచ్చేవారికి కూడా పడవలో చోటు ఉండాలి."

సవరణలు ఆదివారం లోపు తెలపండి.

ఆష్‌బర్న్ ఇంజినీరు
10 ఫిబ్రవరి 2022

వంతెన గురించి నా అభిప్రాయం మారలేదు. అయినా ఈ లేఖ మీద సంతకం చేస్తాను. ఒక్క సవరణ: నది ఎంత ఎత్తుకు వస్తే ఫెర్రీ ఆపాలో, ఆపినప్పుడు ప్రయాణికులకు ఎలా తెలపాలో కూడా చేర్చండి. ఉదయాన్నే రేవు దాకా వెళ్లి వెనక్కి తిరిగిన వాళ్లు ఆ తరువాత ఆ దారిని నమ్మరు.

మాగాణి
11 ఫిబ్రవరి 2022

"గడువు పెట్టుకుని" అన్న చోట గడువు ఎంతో అంకెలో రాయండి. తొంభై రోజులు సరిపోతుందని నా అభిప్రాయం. సఖినేటిపల్లి గారు చెప్పిన సర్వే, ఒడ్డు కోత విషయాలను కూడా చేర్చితే నేనూ సంతకం చేస్తాను. లేఖ ప్రతిని పొలం యజమానులకు కూడా పంపాలని నా మనవి. వారి నేల గురించి రాస్తున్న ఉత్తరం వారికి పత్రికల ద్వారా తెలియకూడదు.